మూగజీవముల తుదిదినములు

చరిత్ర యనగా రాజుల జయాపజయములు, రాజ్యముల ఉత్థానపతనములు అని మనము బడిపిల్లలకు నేర్పుదుము. ముప్పదిమూడు సంవత్సరములు నేనును అట్లే నేర్పితిని. ఇంటి ముంగిట పదునాలుగేండ్లు కాపున్న కుక్క యొకటి ముదిసి, మానని రోగము పాలై, కన్నుల యెదుటనే కృశించిపోవుచుండగా గృహస్థు చేయవలసిన దేమి? ఈ ప్రశ్నకు సైతము ఒక చరిత్ర కలదని నేను ఉద్యోగవిరమణ మొందిన పిమ్మట గాని యెరుగను. దానిని నాకు నేర్పినది మా మోతి. ఆ చరిత్రను, దానితోడనే నా తప్పిదము నొకదానిని, ఈ పూట మీకు నివేదింతును.

మాది హైదరాబాదునకు ఆగ్నేయమున నున్న బాలాపురము. వినాయకుని లడ్డూ వేలము మూలమున ఆ పేరు మీరు వినియే యుందురు. 1994లో నాలుగువందల యేబది రూపాయలతో మొదలైన ఆ వేలము నేడు లక్షలలో జరుగుచున్నది. నేను కాపురమునకు వచ్చిననాడు అది సరూర్‌నగరు మండలములోని పల్లె. 2016లో అదియే మండల కేంద్రమైనది. చేలుండిన చోట మేడలు లేచినవి. ఒక వానకాలపు సాయంకాలమున బడి గోడ ప్రక్కన తడిసి వణకుచున్న తేనెవన్నె కుక్కపిల్ల నొకదానిని పిల్లలు నా యొడిలో పెట్టిరి. అదియే మోతి. నాటినుండి ప్రతిదినమును నాతో బడిదాక నడచివచ్చి, గంట కొట్టగానే ఇంటికి మరలిపోయి, సాయంకాలము మరల గేటుకడ నిలుచుండెడిది. నిమజ్జనపు డప్పులు మ్రోగినపుడు మాత్రము నా మంచము క్రింద దూరి మరునాటిదాక వెలికి వచ్చెడిది కాదు.

నిరుడు ఉగాది వెళ్లిన పిమ్మట మోతి నీరు మితిమీరి త్రాగుట మొదలిడెను. జొన్నరొట్టె యన్నచో ప్రాణము విడుచు జంతువు రొట్టెను వాసన చూచి మొగము త్రిప్పుకొనెను. నోట దుర్వాసన, మాటిమాటికి వాంతి, నానాటికి బయల్పడుచున్న ప్రక్కటెముకలు. పశువైద్యుడు నా పూర్వ విద్యార్థి. రక్తపరీక్ష చేయించి, తల వంచుకొని, "సార్, రెండు మూత్రపిండములును చాలవరకు చెడిపోయినవి. నయము చేయలేము. బాధ తగ్గించి కొన్నాళ్లు నడుపగలము" అని చెప్పెను. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. పండితుని పుట్టుక పుట్టినవాడు దుఃఖము కలిగినపుడు పుస్తకములను వెదకును. నేనును వెదకితిని.

మానవుడు రోగగ్రస్తమైన కుక్కకు పరిచర్య చేసెనని చెప్పగల మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యము జర్మనీ దేశములో దొరకినది. 1914లో బాన్ నగర సమీపమున ఓబర్‌కాసెల్ అను చోట రాతిగనిలో పనివారు ఒక సమాధిని కనుగొనిరి. అందు ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితో ఒక కుక్కపిల్ల. అది రమారమి పదునాలుగువేల యేండ్ల నాటిది. ఆ కుక్కపిల్ల దంతములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2018లో ఒక విశేషమును వెల్లడించిరి. దానికి డిస్టెంపరు అను ప్రాణాంతకమైన వ్యాధి సోకినది. ఐనను అది కొన్ని వారములు జీవించినది. ఆ స్థితిలో నెవరైన నీరు త్రాపి, వెచ్చగా నుంచి, మైల తుడిచి కాపాడినగాని జీవింపజాలదు. అది వేటకు పనికివచ్చునది కాదు, ఆరేడు నెలల పసికూన. వ్యవసాయ మెరుగని, ఊరు ఎరుగని ఆ మనుష్యులు దానివలన ఏ లాభమును కోరి ఆ సేవ చేసిరి? లాభము కోరి చేయలేదనియే చెప్పవలసియున్నది. మన దేశములోను కాశ్మీరమునందలి బుర్జహోమ్ అను నవశిలాయుగపు ఊరిలో మనుష్యులతోపాటు కుక్కలను పూడ్చిన గోతులు బయల్పడినవి.

ఇక వ్రాత యేర్పడిన కాలమునకు వత్తము. కర్నూలు జిల్లాలో ఎఱ్ఱగుడి యను గ్రామ సమీపమున గుట్టలపై అశోకచక్రవర్తి చెక్కించిన శాసనములు ఇరువదవ శతాబ్ది మూడవ దశకమున వెలుగులోనికి వచ్చినవి. వానిలో రెండవ ధర్మశాసనము మనకు ముఖ్యము. తన రాజ్యమునందును, పొరుగున నున్న చోళ పాండ్యాది దేశములందును, యవనరాజుల సీమలందును రెండు విధములైన చికిత్సలను ఏర్పరచితినని ఆ రాజు అందు తెలుపుచున్నాడు. ఒకటి మనుష్యులకు, రెండవది పశువులకు. ఇరువురికిని పనికివచ్చు ఓషధులు లేనిచోటులకు వానిని తెప్పించి నాటించెను. త్రోవల వెంబడి బావులు త్రవ్వించెను. ఇది క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్ది మాట. మనుష్యునకును పశువునకును ఒకే వాక్యములో ఆరోగ్యము కోరిన రాజశాసనము మన తెలుగు రాతిమీద నున్నదనుట మనకు చిన్న గౌరవము కాదు.

కౌటిల్యుడు దయాళువని యెవరును చెప్పరు. లెక్క తప్పని రాజనీతివేత్త. ఐనను ఆతని అర్థశాస్త్రములో అశ్వాధ్యక్ష ప్రకరణమును చూడుడు. యుద్ధముచేతగాని, రోగముచేతగాని, ముదిమిచేతగాని పనికి అక్కరకురాని గుఱ్ఱములకు తిండి పెట్టి పోషింపవలెనని విధించెను. వైద్యుని అశ్రద్ధచేత వ్యాధి ముదిరినచో ఆ వైద్యునకు దండన సైతము చెప్పెను. పాలకాప్యుడు ఏనుగులకు, శాలిహోత్రుడు గుఱ్ఱములకు వైద్యశాస్త్రములు రచించిరని ప్రసిద్ధి. ఆ శాలిహోత్రుని పేరే హిందూస్థానీలో సలోత్రి యను రూపము దాల్చి పశువైద్యునికి వాచకమైనది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును వ్రాసెను. 16వ శతాబ్దిలో గోలకొండను చూచిపోయిన రాల్ఫ్ ఫిచ్ అను ఆంగ్ల యాత్రికుడు గుజరాతులోని ఖంబాతు నగరమున కుంటికుక్కలకును, పిల్లులకును, పక్షులకును ఆసుపత్రులున్నవని వ్రాసియున్నాడు.

ఇవన్నియు చదివితిని. కాని నాకు కావలసిన మాట వీనిలో దొరకలేదు. అది ఆయుర్వేదమునందు దొరకినది. చరకాచార్యుడు వ్యాధులను నాలుగు తెగలుగా విభజించెను. సుఖముగా నయమగునవి సుఖసాధ్యములు. కష్టముతో నయమగునవి కృచ్ఛ్రసాధ్యములు. ఏమి చేసినను మానక, ప్రాణము తీయునవి ప్రత్యాఖ్యేయములు. ఈ చివరిదానికిని మొదటి రెండింటికిని నడుమ యాప్యములని యొక తెగ కలదు. యాప్య మనగా మానదు, కాని పథ్యముచేతను సేవచేతను రోగికి సుఖముగా కాలము గడుపవచ్చును. కూలనున్న యింటికి స్తంభము నిలిపినట్లు చికిత్స ఆ రోగిని నిలుపును. సేవ మానిన మరుక్షణము ఇల్లు కూలును. నయము కాదనగానే చేయవలసిన దేమియు లేదని తలచుట తెలియనివారి మాట. నయము కాని రోగికి చేయవలసిన పని నయమగు రోగికి చేయవలసిన దానికన్న హెచ్చు.

"కొన్నాళ్లు నడుపగలము" అని నా శిష్యుడు చెప్పిన మాటకు అర్థ మిదియే యని నాకప్పుడు తోచినది. ఆతడు చదివినది నవీనశాస్త్రము. 1761లో ఫ్రాన్సు దేశపు లియోను నగరములో తొలి పశువైద్య విద్యాలయము వెలసినది. 1903లో చెన్నపట్టణమునను, 1946లో హైదరాబాదునను పశువైద్య కళాశాలలు ఏర్పడినవి. ఆ విద్యయు ఈ విద్యయు ఒకచోట కలిసికొనుట చూచి నాకు ధైర్యము కలిగినది.

అంతట మా యింట యాపన మారంభమైనది. వారమునకు మూడుసారులు చర్మము క్రింద సెలైను ఎక్కించుట నా భార్య నేర్చుకొనెను. వాంతి నిలుపు మాత్రలు, మూత్రపిండములకు బరువు కాని మెత్తని తిండి, రాత్రివేళ సైతము నిండుగా నీటిగిన్నె. నున్నని గచ్చుమీద కాళ్లు జారుచుండగా గోనెపట్టాలు పరచితిమి. ఇచ్చట శ్రోతలకొక హెచ్చరిక. జంతువు మూల్గుచున్నదని మనము మ్రింగు నొప్పిమాత్రలను దానికి వేయరాదు. మనకు మేలుచేయు మందే కుక్కకును పిల్లికిని విషము కావచ్చును. వైద్యుని అడిగియే ఏ మందైనను ఇయ్యవలెను.

ఆ దినములలో నేను పంచాంగములో ఒక గుర్తు పెట్టుట మొదలిడితిని. మోతి నాలుగు ముద్దలు తిని, లేచి గేటుదాక నడచి, తోక యాడించిన దినమున తిథిప్రక్కన ఒక చుక్క. తినక, లేవక, మూల్గుచు గడపిన దినమున ఒక అడ్డగీత. చైత్ర వైశాఖములలో చుక్కలే హెచ్చు. ఆషాఢమున రెండును సమముగా నుండెను. శ్రావణమున గీతలు చుక్కలను మించినవి. కన్ను మోసపోవును, ఆశ మోసపుచ్చును. గుర్తు మాత్రము అబద్ధమాడదు.

మన నగరములోనే ఇట్టి వృద్ధజీవి కథ యొకటి జరిగినది. నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో రాణి యను ఆడయేనుగు ఉండెడిది. 1938లో పుట్టి, నిజాముల కాలపు బాగే ఆం తోటలో పెరిగి, 1963లో జంతుశాలకు వచ్చినది. మొహర్రములో బీబీకా ఆలంను మోసినదియు, బోనాలలో అమ్మవారి ఘటమును మోసినదియు ఆ జాతరలెరిగిన ఏనుగే. నగరములోని రెండు మతములవారును దానికి నమస్కరించిరి. ఏనుగునకు జీవితకాలమున ఆరు వరుసల దవడపండ్లు వచ్చును. చివరి వరుస అరిగిపోయిన పిమ్మట మేత నమలలేదు. కావున ముసలి యేనుగు బ్రతుకుట మావటివాడు పెట్టు మెత్తని మేతమీదనే ఆధారపడియుండును. రాణి ఎనుబది రెండేండ్లు దాటి జీవించి, 2021 జూనులో ముదిమివలని రుగ్మతలతో కన్నుమూసెను. ఆ జంతుశాలలోనే రమారమి నూటయిరువదియైదేండ్ల గలాపగోసు తాబేలు 2024 మార్చిలో చికిత్స పొందుచు మరణించెను. ఈ దీర్ఘాయువుల వెనుక దినదినమును నీరు పోసి, కాలు కడిగి, మేత తరిగిన సేవకులున్నారు. వారి పేరు పత్రికల కెక్కలేదు. యాపన మనునది అట్టి పేరులేని పనియే.

ఇక కఠినమైన ఘట్టమునకు వచ్చితిని. శ్రావణ బహుళములో మోతి తిండి పూర్తిగా మానెను. నిలుచుండలేకపోయెను. ప్రక్క మార్చబోయినచో అరచెడిది. వైద్యుడు వచ్చి చూచి, నన్ను వసారాలోనికి పిలిచి, ఇక సూదిమందుచేత ప్రశాంతముగా సాగనంపుట మేలని చెప్పెను. మొదట మత్తునిచ్చెదరనియు, నిద్రలోనే గుండె ఆగుననియు, జంతువునకు తెలియనే తెలియదనియు వివరించెను. నేను ఒప్పుకొనలేదు. ప్రాణము పోయలేనివానికి తీయు అధికార మెక్కడిదని ప్రశ్నించితిని. ఆతడు గురువు నెదిరింపజాలక మౌనముగా వెడలిపోయెను.

ఆ సంభాషణమును నా మనుమరాలు విన్నది. తొమ్మిదేండ్ల పిల్ల. "తాతా, ధర్మరాజు కుక్కను విడిచిపెట్టలే గదా. మనమెట్ల విడిచిపెడ్తం?" అని యడిగెను. ఆ కథ నేనే చెప్పియుంటిని. పిల్ల మాట నాకు బలమిచ్చినట్లు తోచినది. కాని ఆ రాత్రి ఆ కథనే మరల చదివితిని.

మహాభారతమునకు మొదట నొక కుక్క, తుద నొక కుక్క కలదని మీరు గమనించియుందురు. ఆదిపర్వములో తప్పు చేయని సారమేయుని జనమేజయుని తమ్ములు కొట్టగా, తల్లి సరమ రాజు కడకు వచ్చి నిలదీసెను. మహాప్రస్థానములో హస్తినాపురినుండి వెంట నడచిన కుక్కను విడిచినగాని స్వర్గము లేదనగా ధర్మరాజు ఆ స్వర్గమునే వలదనెను. తెలుగులో మొదటి కథను నన్నయభట్టు, తుదికథను తిక్కన చెప్పిరి. మూగజీవిని నిష్కారణముగా కొట్టుట అధర్మమని మొదలై, నమ్మి వెంటవచ్చినదానిని విడుచుట అధర్మమని ఆ గ్రంథము ముగియుచున్నది.

ఐతే ధర్మరాజు ఇంద్రునితో చెప్పిన సమాధానములో ఇంకొక సూక్ష్మము కలదు. ద్రౌపదిని, తమ్ములను త్రోవలో విడిచివచ్చితివి గదా, ఈ కుక్క యేల యని ఇంద్రుడడిగెను. వారు మరణించిన పిమ్మట విడిచితిని, జీవించియుండగా విడువలేదు, మరణించినవారిని మరల తేజాలను గదా యని ఆయన ప్రత్యుత్తరమిచ్చెను. చూడుడు, ధర్మరాజు మరణమును కాదనలేదు. కళ్లయెదుట తమ్ములు కూలుట చూచియు నడచెను. ఆయన కాదన్నది త్యాగమును, అనగా బ్రతికియున్న నమ్మినజీవిని ఒంటరిగా వదలివేయుటను. మరణింపనిచ్చుట వేరు, విడిచిపెట్టుట వేరు. నేను ఈ రెండింటిని కలిపి చదివితిని.

మరునాడు మహాత్ముని వ్రాతలు తీసితిని. 1928లో సబర్మతీ ఆశ్రమమున అంగవైకల్యము చెందిన దూడ యొకటి యాతన పడుచుండెను. చికిత్స జరిగినది. ఇక నాశ లేదని వైద్యుడు చెప్పెను. ప్రక్కకు ఒత్తిగిలుటకు సైతము ఆ దూడకు శక్తి లేదు. గాంధీమహాత్ముడు ఆశ్రమములోని వారితో చర్చించెను. ప్రాణము నీయజాలనివారికి తీయు హక్కు లేదని ఒకరు నాతో సమానముగా వాదించిరి. ఆ వాదము స్వార్థముకొరకు చంపువారికి వర్తించును గాని ఇచ్చట వర్తింపదని మహాత్ముడు తలచెను. ఆయన సమక్షముననే వైద్యుడు సూదిమందిచ్చెను. రెండు నిమిషములలోపల ముగిసెను. దానినాయన దాచలేదు. తన పత్రికలలో తానే వ్రాసెను. దేశమంతటినుండి కోపముతో నిండిన ఉత్తరములు వచ్చినవి. అహింసయనగా కేవలము చంపకుండుట కాదనియు, తనకు బాధ కలుగునని ఎదుటిజీవి యాతనను పొడిగించుట సైతము హింస కావచ్చుననియు ఆయన భావము. ఐతే దీనికాయన కట్టిన గట్లు గట్టివి. రోగము మానరానిదై యుండవలెను. సంబంధించినవారందరును ఆశ వదలుకొని యుండవలెను. ఏ సహాయమును, ఏ సేవయు ఇక చేయుటకు వీలులేని దశ యుండవలెను. తన కోరికను తాను తెలుపుకొనలేని ప్రాణి యై యుండవలెను.

మూడవ నియమమును మరల తలపోయుడు. సేవకు తావున్నంతవరకు ఆ మాటయే రాదు. అనగా యాపన ముగిసినచోటనే ఆ ప్రశ్న మొదలగును. ఖర్చు హెచ్చినదని, రాత్రి నిద్ర లేదని, ఇల్లు మైలయగుచున్నదని, ఊరికి పోవలెనని ముసలి జంతువును సూదికి అప్పగించువానికి మహాత్ముని మాట అండ కాదు. దానిని త్రోవలో దింపివచ్చువానికి ధర్మరాజు కథయే శిక్ష. 1953లో రాజ్యసభలో రుక్మిణీదేవి అరుండేలు ప్రవేశపెట్టిన బిల్లు మూలమున 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. బ్రతికించి యుంచుటయే క్రౌర్యమగు దశలో బాధను ముగించుటకు ఆ చట్టమునందును అవకాశము కలదు.

నేనివన్నియు చదివి పొందుపరచుకొనుచుండగా రెండు రాత్రులు గడచినవి. రెండవ రాత్రి మోతి తెల్లవారుదాక అరచెను. నా భార్య దాని తల తొడపై నుంచుకొని కూర్చుండి, చేత పుస్తకముతో నున్న నన్ను చూచి, "మీరు పుస్తకం దిక్కు చూస్తున్నరు, దాని దిక్కు చూస్తలేరు" అనెను. ముప్పదియెనిమిదేండ్ల కాపురములో ఆమె నాతో కఠినముగా పలికిన మాటలు కొద్ది. అప్పుడు పంచాంగము తెరచితిని. వరుసగా పదునొకండు గీతలు. వాని నడుమ చుక్క యొక్కటియు లేదు. గుర్తులు పెట్టినది నా చేయియే. చదువనిది నా కన్ను. అహింస యని నేను చెప్పినది నిజమునకు నా భయము. మోతి లేని వాకిలిని చూడలేని నా పిరికితనమునకు శాస్త్రమును కప్పితిని. ఆ రెండు రాత్రుల బాధ దానికి నేను పెట్టినది. ఇదియే నేను మొదట చెప్పిన తప్పిదము.

ఉదయమున శిష్యునికి కబురు పంపితిని. ఆతడు ఒక్క మాటయు ననక వచ్చెను. మనుమరాలితో నేను నిజమే చెప్పితిని. మోతికి నయము కాదు, బాధ మిక్కుటముగా నున్నది, నేడు బాధ పోవును, దానితో ప్రాణమును పోవును, మనమందరము దాని ప్రక్కనే యుందుము అని చెప్పితిని. "అయితే విడిచిపెట్టుడు కాదన్నట్టు" అని యది తనకు తానే సమాధానము చెప్పుకొనెను. పిల్లలతో మోతి ఊరికి పోయినదని బొంకుట నాకు సమ్మతము కాదు. వారు నేడో రేపో నిజమెరుగుదురు. అప్పుడు జంతువుతోపాటు మనమీది నమ్మికయు పోవును. మేమందరమును చేతులు వేసి యుండగా మోతి కన్నులు మూసికొనెను. దాని దేహము నెలల తరువాత మొదటిసారి బిగువు సడలినది.

ఇక దుఃఖము మాట. పాలుపోయు పెద్దాయన వచ్చి, నా కన్నులు చూచి, నవ్వునేమో యని నేను సిగ్గుపడుచుండగా, "మన కాడ ఉన్నది మన కాడనే పాయె సారూ, అంతకన్న ఏం గావాలె" అని తన ముసలి బఱ్ఱె కథ చెప్పి తానును కంట తడిపెట్టెను. కుక్కకొరకు ఏడ్చుట చదువుకొన్నవారికి తగదని యెవరైన నన్నచో వారికి దక్షిణాపథపు వీరగల్లులను చూపుదును. తమిళదేశమున తిరువణ్ణామలై ప్రాంతపు ఎడుత్తనూరులో 7వ శతాబ్ది వీరశిల యొకటి యున్నది. అందు వీరుని ప్రక్కన అతని కుక్కను చెక్కి, కోవివన్ అను దాని పేరును, ఇద్దరు దొంగలను కరచిన దాని పనిని వ్రాసియుంచిరి. కన్నడదేశపు ఆతకూరు శాసనము 10వ శతాబ్దిది. తక్కోలపు యుద్ధములో మెప్పు పొందిన మణలేరుడు తన ప్రభువును బహుమానముగా కాళి యను కుక్కను కోరి పొందెను. ఆ కాళి యొక అడవిపందితో పోరాడి, దానిని చంపి, తానును చచ్చెను. దానికొరకు గుడి యెదుట శిల నిలిపి, పూజకై భూమి నిచ్చిరి. ఆ శిలను పూజింపక అర్చకుడు భుజింపరాదని కట్టడి చేసిరి. రాజులును యోధులును కుక్క మరణమునకు వగచుటను రాతిమీద చెక్కించుకొనిరి. మనకేల సిగ్గు?

మా యింటికి పెరడు లేదు. ఎల్బీనగరుకు ఆవల నాగోలు సమీపమున ఫతుల్లాగూడలో పెంపుడు జంతువులకని ప్రత్యేకముగా దహనవాటిక యేర్పడియున్నది. ఇప్పటి నగరవాసులకు అది యొక సౌకర్యము. మోతిని అచ్చటికే కొనిపోయితిమి. మరలివచ్చునపుడు మనుమరాలు దాని మెడపట్టెడను చేతిలో పెట్టుకొని యుండెను.

శ్రోతలారా! మీ యింట ముసలి కుక్కయో, పిల్లియో, పాలుడిగిన ఆవో యుండవచ్చును. దానికి మానని రోగము వచ్చిననాడు మూడు పనులు మీ చేతిలోనివి. మొదటిది, నయము కాదని వినగానే చేతులు ముడువక, సేవకు తావున్నంతకాలము సేవించుట. రెండవది, మీ ఆశను గాక దాని దినములను లెక్కించుట. మూడవది, తుదిగడియ తనంతట వచ్చినను, వైద్యుని చేత వచ్చినను, దాని ప్రక్కన నుండుట. వీనిలో మొదటిది మేము చేసితిమి. మూడవదియు చేసితిమి. రెండవదానిలో నేను రెండు రాత్రులు ఆలస్యము చేసితిని. మీరు చేయకుందురుగాక యని ఈ ముచ్చట మీతో పంచుకొంటిని.

వినాయకచవితి వచ్చినది, పోయినది. నిమజ్జనపు డప్పులు మా వీధిలో మ్రోగినపుడు నేను అలవాటు చొప్పున మంచము క్రింద తొంగిచూచితిని. అచ్చట గోనెపట్టా మాత్రము పరచియున్నది. దానిని ఇంకను తీయలేదు.

ఇక సెలవు.